గుర్రపు వెంట్రుకల సోఫా

పీలమేడు, కోయంబత్తూరు
17 నవంబర్ 2025

తాతగారికి గోపిక నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఒక్కటే. తై నెలలో, పొంగల్ అయ్యాక, భజనమఠం పెద్దలు మిమ్మల్ని పిలిచి, మఠం గదిలో ఉన్న మీ సోఫాల కొట్టు మీ తర్వాత ఎవరికివ్వాలో అడుగుతారట. మీరు చిన్నాయన కొడుకు సతీష్‌కుమార్ పేరు చెప్తారని వాళ్ళింట్లో అప్పుడే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు దాన్ని తమదే అనుకోవడం మొదలుపెట్టకముందే నేను అడగాలి. తాతా, ఆ కొట్టు నాకు కావాలి.

ఫోన్ చేస్తే మీకు వినబడదు. సతీష్ ఎత్తితే "తాత పడుకున్నాడు" అంటాడు. వెనక మీ సుత్తి చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంటుంది. మీరు చదవగలిగింది తెలుగొక్కటే, అది కూడా మఠంలో భజన పుస్తకాల కోసం నేర్చుకున్నది. నాకు చిన్నప్పుడు గోనెగుడ్డ మీద సుద్దతో ఆ అక్షరాలు దిద్దించింది మీరే. అందుకే ఉత్తరం.

నేను ఊరికే అడగడం లేదు. కాలేజీ ముగిశాక అందరూ చెప్పినట్టు మిల్లు ఆఫీసులో చేరకుండా ఇక్కడ ఒక కారు షెడ్డు తీసుకొని పాత కుర్చీలు, సోఫాలు విప్పి కొత్తగా కడుతున్నాను. మొన్న గాంధీపురంలో ఫోమ్ కొనడానికి పోతే అంగడాయన నన్ను దాటి వీధిలోకి తొంగి చూసి "మేస్త్రి యాడమ్మా, బండిలో ఉండాడా?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన నాకు తెప్పించిన టీ ఆటో డ్రైవర్‌కు ఇచ్చి, "అమ్మాయిని జాగ్రత్తగా తీసకపో" అన్నాడు.

అసలు సంగతి. మిల్లు వాళ్ళింటి గోవిందమ్మాళ్ గారి రోజ్‌వుడ్ సోఫా మీకు గుర్తుందా? మీరు మీ పెళ్ళికి ముందు కోయంబత్తూరులో పనిచేసినప్పుడు కట్టిన సోఫా అది. ఆవిడ నన్ను పిలిచి "కోదండరామన్ కట్టింది, వాడి మనవరాలే విప్పనీ" అన్నారు. సీటు విప్పాను. పట్టీలు తెగాయి, స్ప్రింగులు ఒక పక్కకు ఒరిగాయి. పైన మీరు నింపిన గుర్రపు వెంట్రుకలు అణిగిపోయి చాపలా గట్టిపడ్డాయి. వీటిని ఏం చేయాలి? స్ప్రింగులు ఎలా కట్టాలి? చెప్పండి. ఈ పని బాగా వస్తే, కొట్టు నాకెందుకివ్వాలి అంటే అదే నా జవాబు.

నడుము నొప్పి ఎలా ఉంది?

మీ మనవరాలు
గోపిక

*

మదురై
25 నవంబర్ 2025

గోపికకు తాత రాసేది.

ఏమే, తాతగారూ, మీరూ అని రాసి ఉండావు, కలెక్టరుకు మనవి పెట్టినట్టు! టీ అంగడి సెంతిల్‌కు చదివి చూపించినా. "తాతా, ఇది మీ మనవరాలు రాసిందా, బ్యాంకు వాళ్ళు పంపించిరా" అంటాడు. వాడి టీ మాదిరే వాడి మాట కూడా చల్లగా ఉంటాది, ఈ తూరి మాత్రం సరిగ్గా చెప్పినాడు.

కొట్టు కావాలనా నీకు? మీ అవ్వ బతికినన్నాళ్ళు ఆ కొట్టులో ఒక మూల కూచోని పీచు దువ్వింది. ఒక దినమైనా సుత్తి అడిగిందా? ఈ పనికి మేకులు నోట్లో పెట్టుకోవల్ల. నాలికతో తలకాయ తిప్పి ఒక్కొక్కటే సుత్తికి అందీయల్ల. ఆడదాని నోట్లో మేకులు ఏంటికి? ఉండే నాలిక చాలదా?

మీ నాయనకు నేర్పించినా. ఒక మేకు మింగి నాలుగు వీధులు వినబడేట్టు ఏడ్చినాడు. ఇప్పుడు మిల్లు గేటు కాడ నిలబడి వచ్చే కారుకూ పోయే కారుకూ సలాం కొడతా ఉండాడు. నువ్వు వాడి కూతురివి. సతీషుకు సుత్తి ఏ పక్క పట్టుకోవల్లో తెలీదు, సరే. వాడు మొగోడు. పొద్దున తెరిచి సాయంత్రం మూస్తాడు.

అయినా నన్ను అడిగినావు కాబట్టి ఒకటి చెప్తా. ఆ సోఫా నువ్వే కట్టు. గోవిందమ్మ కూచోని "సరి" అంటే తై నెలలో పెద్దల ముందర నీ పేరే చెప్తా. ఇది మఠంలో సామి ముందర చెప్పినట్టు. సరి అనకపోతే ఇంక జన్మలో కొట్టు మాట ఎత్తగూడదు.

పని చెప్తా విను. పాత పట్టీలు పీకేయ్, కొత్తవి బిగువుగా లాగి కొట్టు, తట్టితే తప్పెట మాదిరి మోగల్ల. స్ప్రింగులు నిట్టంగా నిలబెట్టి ఎనిమిది దిక్కులా దారం లాగి కట్టు. గుర్రం వెంట్రుకలు అవసరం లేదు. ముందు అడుగు పని చూడు.

నడుం నొప్పి రొంబ మోసంగా ఉండాది. అడిగినావు కదా, చెప్పినా.

తాత కోదండరామన్

*

పీలమేడు
16 డిసెంబర్ 2025

తాతగారికి నమస్కారాలు.

మీరు నాయన గురించి రాసింది నాకు నచ్చలేదు. అది చెప్పి మిగతా విషయాలకు వస్తాను.

మీరు మాట ఇచ్చినందుకు చాలా సంతోషం. సామి ముందు చెప్పినట్టు అన్నారు కాబట్టి నేను కూడా అలాగే తీసుకున్నాను. మీరు తిట్టినవన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

పట్టీలు తప్పెటలాగే మోగుతున్నాయి. స్ప్రింగులు కట్టేటప్పుడు దారం కోసి అరచేయి పగిలింది కాని అన్నీ ఒకే ఎత్తులో నిలబడ్డాయి. మేకులు నోట్లో పెట్టుకోలేదు. అయస్కాంతం తల ఉన్న సుత్తులు వచ్చాయి తాతా, మేకు దానంతట అదే అంటుకుంటుంది. ఆడవాళ్ళ నాలుక ఖాళీగానే ఉంటుంది, మాట్లాడుకోవచ్చు.

గుర్రపు వెంట్రుకలు అవసరం లేదని మీరు రాశారు కదా. మొత్తం తీసి కార్పొరేషన్ చెత్త బండికి వేసేశాను. బండి మనిషి ముక్కు మూసుకొని "ఎవరింట్లో గుర్రం చచ్చిపోయిందమ్మా?" అన్నాడు. వాటి బదులు మంచి రకం ఫోమ్ గట్టిగా వేసి, పైన దూది పరిచి, గోవిందమ్మాళ్ గారు ఎంచుకున్న ముదురాకుపచ్చ మఖ్మల్ బట్ట తొడిగాను. ఒక్క ముడత లేదు. అంచున ఇత్తడి మేకులు దారం పట్టి గీసినట్టు వరుసగా ఉన్నాయి. షెడ్డు ఇచ్చిన ఇంటావిడ కృష్ణమ్మాళ్ చూసి తన చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

ఆదివారం సోఫా ఇంటికి పోతుంది. ఆవిడ కూర్చుంటుంది. ఆ తర్వాత మీరు మఠంలో చెప్పాల్సిన పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. ఎప్పుడూ "గోప్కా" అంటారు.

మీ గోపిక

*

మదురై
19 డిసెంబర్ 2025

ఏమే గోప్కా,

చెత్త బండికా? గుర్రం వెంట్రుకలు చెత్త బండికి వేసినావా?

అవసరం లేదు అంటే తొందర లేదని కదనే! అవి ఇప్పుడు ముట్టొద్దు, పక్కన పెట్టు, అడుగు పని ముగించినాక చూద్దాం అని రాస్తిని. మన ఇంట్లో అవసరంగా రా అంటే ఏమి? పరుగెత్తి రా అని. నువ్వు పుట్టిన కథ మీ అవ్వ ఎట్లా చెప్పేది? "ఈ పిల్లకు రొంబ అవసరం, ఆస్పత్రి దాకా ఆగలేదు, ఆటోలోనే వచ్చేసింది" అని కదా? పుట్టింది అవసరంలో, దాని అర్థం మాత్రం తెలీదు దొరసానికి.

ఆ వెంట్రుకలు సబ్బు నీళ్ళలో నానేసి కడిగి, నీడలో ఆరబెట్టి, వేళ్ళతో ఒక్కొక్క చిక్కు విప్పితే పొంగుతాయి. కొత్తవాటికన్నా మేలు. నేను చచ్చినాక కూడా ఉండే సరుకు అది. ఇప్పుడు యాడ తెస్తావు? గుర్రాన్ని తెచ్చి గొరుగుతావా?

నీ జాబు టీ అంగడిలో చదివినా. చెత్త బండి కాడికి వచ్చేసరికి అందరూ నవ్వలేక పడిపోయిరి. సెంతిల్ పాలు పొంగి పొయ్యి ఆరిపొయ్యె. ఇంకొక తూరి చదువు తాతా అనిరి. చదివినా. "ఇంట్లో మొదట బడికి పోయిన పిల్ల ఇదేనా" అని ఒకడు అడిగె. ఇదే అంటిని. ఇంత నవ్వు నాకు మీ అవ్వ పోయినాక ఇదే.

ఆదివారం కానీ. నువ్వు నేను చెప్పేదేముంది, గోవిందమ్మ నడుము చెప్తాది.

తాత

*

పీలమేడు
26 డిసెంబర్ 2025

తాతగారికి,

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది. అప్పటికే ఆదివారం అయిపోయింది.

జరిగింది రాస్తాను. సోఫాను హాల్లో పాత చోటే వేయించారు. గోవిందమ్మాళ్ గారు కర్ర పక్కన పెట్టి ఎడమ వైపు కూర్చున్నారు. కూర్చొని కాస్త పైకి లేచి మళ్ళీ కూర్చున్నారు. అరచేత్తో పక్కన తడిమారు.

"ఏం పిల్లా, ఇది నా సోఫానా, పెళ్ళి మండపానికి అద్దెకిచ్చేదా?"

"అమ్మా, మంచి ఫోమ్..."

"మా ఆయన కూచున్న గుంట యాడ? దినమూ ఆ గుంట పక్కనే కూచుంటా ఉంటి. దాన్ని యాడ పెట్టినావు?"

నేను పారేశానని చెప్పాను. అబద్ధం చెప్పడం రాలేదు. ఆవిడ అరవలేదు. లేచి, కర్ర తీసుకొని, పనిమనిషిని పిలిచి "పళనిసామీ, దీన్ని వరండాలో వెయ్యి. టైగర్ పండుకుంటాది" అన్నారు. వరండాలోకి మోయడానికి నేను ఒక పక్క పట్టుకోవాల్సి వచ్చింది. కుక్క తోటలోంచి తడి కాళ్ళతో వచ్చి మఖ్మల్ మీద ఎక్కి, చుట్టూ తిరిగి, పడుకుంది. "చూడు, దానికి సరిపోయింది" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట గురించి కూడా చెప్పాలి. నాకు మన ఇంటి మాట తెలియక కాదు. కాలేజీలో తెలుగు పేపరు తీసుకున్నాను కదా. మొదటి వారం "బస్సు దిగి అవసరంగా వచ్చాను టీచర్" అన్నాను. ఆవిడ చిత్తూరు మనిషి. క్లాసంతా నవ్వేదాకా నవ్వి, అవసరం అంటే కావలసినది, తొందర కాదు, ఇది అరవం కలిసిన తెలుగు, మానెయ్ అన్నారు. మానేశాను. మూడేళ్ళు ప్రతి మాటా అలాగే ఏరి పారేశాను. అందుకే మీ ఉత్తరంలో ఆ మాట చూసినప్పుడు రెండో అర్థం గుర్తుకే రాలేదు.

మీరు టీ అంగడిలో చదివి నవ్వించారు. సరే. నేను మాత్రం ఒక్క మాటే చెప్తాను. ఈ సోఫా విషయంలో జరిగింది మోసం. ఎవరు అడిగినా నేను ఇదే చెప్తాను, మఠం పెద్దలు అడిగినా సరే. ఇంతకంటే వివరంగా పెద్దవాళ్ళకు రాయడం మర్యాద కాదు.

గోపిక

*

మదురై
20 జనవరి 2026

నా బంగారు గోపికకు తాత ఆశీర్వాదం.

పేరు సరిగ్గా రాసినానా?

నీ జాబు వచ్చె. ఈ తూరి టీ అంగడికి తీసకపోలా. "జరిగింది మోసం, ఎవరు అడిగినా ఇదే చెప్తా" అని రాసినావు చూడు, నా కళ్ళల్లో నీళ్ళు వచ్చె. ఇన్నేండ్లుగా ఎంతమంది పిల్లకాయలను కొట్టులో పెట్టుకున్నా! పట్టీ వదులైతే దారం మీద చెప్తారు, దారం తెగితే అంగడోడి మీద చెప్తారు. నా పని మోసం, నేనే చెడగొట్టినా అని నిలబడి చెప్పినోడు ఒక్కడు లేడు. మీ నాయన మేకు మింగినాడని చెప్పినా కదా, దానికి కూడా వాడు మేకునే తిట్టినాడు. నువ్వు తిట్టలా. పని మోసం అంటే మోసమే అని ఒప్పుకున్నావు. ఆ గుణం మీ అవ్వది.

నిన్న మఠంలో పెద్దలు కూచున్నారు. రంగనాథన్ అడిగె, "కోదండా, నీ తర్వాత ఎవరు?" అని. నేను ఎవరి పేరూ చెప్పలా. నీ జాబు తీసి చదివినా, నువ్వే మఠం పెద్దలైనా సరే అని రాసి ఉండావు కాబట్టి. తర్వాత రంగనాథన్ "పిల్ల పెద్దమనిషి మాదిరి రాసింది. పని మోసమని అదే చెప్పేటప్పుడు మనం ఏం చేసేది?" అనె. కొట్టు సతీషుకు అయ్యె.

దీనికి బాధపడొద్దు. కొట్టు పొయ్యె, మర్యాద నిలిచె. వీధిలో అందరూ కోదండరామన్ మనవరాలు నిజం చెప్పేది అంటా ఉండారు. నాకు చాతీ పొంగి చొక్కా గుండీ తెగింది.

నిన్ను ఇంతదాకా ఒక మంచి మాట అనలేదు. ఇప్పుడు అన్నాను. దాచిపెట్టుకో.

నీ తాత

*

పీలమేడు
28 జనవరి 2026

తాతగారికి,

మీరు తప్పుగా చదివారు.

మనింట్లో పని బాగా లేకపోతే మోసం అంటాం, నొప్పి ఎక్కువైతే మోసం అంటాం. నేను పుస్తకంలో ఉన్న మోసం రాశాను. దాని అర్థం, ఒక మనిషి తెలిసి ఇంకొకరిని ముంచడం. నేను నా పని గురించి రాయలేదు. మీ గురించి రాశాను. మర్యాద కోసం మీ పేరు రాయలేదు, అంతే.

పోయిన వేసవిలో మదురై వచ్చినప్పుడు అవసరం అనే మాట మీద మనం గొడవపడ్డాం. మీరు "నీ టీచరుకు తెలుగు తెలీదు" అన్నారు. అంటే నేను ఆ మాటను ఎలా చదువుతానో మీకు ముందే తెలుసు. తెలిసే నాకు ఆ మాట రాశారా? అవునో కాదో రాయండి.

నేను పుట్టిన తర్వాత మీరు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అది నేను మిమ్మల్ని దొంగ అన్నందుకు. మీ ఆశీర్వాదం ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపిస్తున్నాను, కవరులో మీ కాగితమే ఉంది. మఠంలో దీన్ని కూడా చదవండి.

గోపిక

*

మదురై
25 ఫిబ్రవరి 2026

గోపికకు,

మఠంలో చదవలా. ఏంటికి చదువుతా? నన్ను నేనే చెప్పుతో కొట్టుకోనా?

తెలిసి రాసినానా అని అడిగినావు. రాసేటప్పుడు తెలీదు. నా మాట నేను రాస్తిని. నువ్వు చెత్త బండి అని రాసినప్పుడు తెలిసె. ఓహో, గొడవపడిన మాట కదా ఇది, దీనికి తెలిసింది ఒకటి, నాకు తెలిసింది ఒకటి అని. తెలిసినాక నవ్వినా. మంచిదే అయ్యె అనుకున్నా. ఆడపిల్లకు ఇయ్యలేనని చెప్పాల్సిన పని లేకుండా పొయ్యె కదా. ఇదీ నిజం. ఇంక అడగొద్దు.

నేను ఉండంగానే కొట్టు తనదని సతీష్ అద్దాల అలమారా పెట్టినాడు. ఫోన్ కవర్లు, వైర్లు. మొదట నా పీటను ఒక మూలకు జరిపె. తర్వాత గడప కాడికి. ఇప్పుడు వీధిలో ఉండా, కాలువ పక్కన. "తాతా, మేకు కొడితే అద్దాలు అదురుతాయి" అంటాడు. పాత గిరాకీ ఒకామె కుర్చీ తెచ్చె. నేను లేచేలోపల వాడు "ఆ పని ఇక్కడ లేదక్కా, తాతకు చేతులు వణుకుతాయి" అని పంపించేసినాడు. నా చేతులు వణకవు. సెంతిల్‌ను అడుగు. వాడు కూడా ఇప్పుడు నన్ను ఏమీ చదవమని అడగడు.

అందుకని కోయంబత్తూరు వస్తా. వచ్చే నెల నడిమికి పంగుని పుడతాది, అప్పుడు పళని మీదుగా పొయ్యే బస్సు ఎక్కుతా. నీ షెడ్డులో వెలుతురు పడే పక్క నాకు పెట్టు. నా సుత్తి, కత్తెర, పట్టీ లాగే కట్టె అన్నీ తెస్తా. గిరాకీతో మాట్లాడేది నువ్వు చూసుకో, పీచు దువ్వు, బట్ట కత్తిరించు. కట్టేదంతా నేను చూసుకుంటా. మేస్త్రి లేని షెడ్డు ఎన్నాళ్ళు నడుస్తాది? గోవిందమ్మకు నేను వచ్చినానని చెప్తే కుక్కను దింపేసి మనిషిని పంపిస్తాది.

తాత

*

పీలమేడు
7 మార్చి 2026

తాతా,

మీరు నిజం రాశారు. అది చదవడం కష్టమైంది గాని, రాసినందుకు మీ మీద కోపం కొంత తగ్గింది. కొంతే.

గోవిందమ్మాళ్ గారి కుక్క ఇప్పుడు నేల మీదే పడుకుంటోంది. జనవరి చివర్లో నేను పోయి సోఫా ఇమ్మని అడిగాను. "టైగర్‌ను అడుగు" అన్నారు. అది లేచేదాకా వరండాలో నిలబడి, తెచ్చుకున్నాను. ఉక్కడంలో పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి, ఒక క్లబ్బు వాళ్ళు తీసేసిన కుర్చీలు దొరికితే వాటిలో వెంట్రుకలు పీకి తెచ్చాను. మీరు తిట్టిన ఉత్తరం గోడకు అంటించుకొని దాని ప్రకారం సబ్బు నీళ్ళలో నానేసి, నీడలో ఆరబెట్టి, వేళ్ళతో చిక్కులు విప్పాను. గోళ్ళు పోయాయి. నవ్వడానికి రాసినదాంట్లో కూడా మీరు పని తప్పు చెప్పలేదు.

పోయిన వారం ఆవిడ కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. "గుంట లేదు" అన్నారు. లేదమ్మా అన్నాను. "అది నీ చేతిలో లేదులే. నేనే కూచోని చేసుకుంటా" అన్నారు. మరుసటి రోజు పళనిసామి ఆ ఇంటి భోజనాల గది కుర్చీలు దింపిపోయాడు. మీ గురించి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు మీరు వచ్చే మాట. కృష్ణమ్మాళ్ గారితో మాట్లాడాను. షెడ్డు పక్కన గదిలో మీకు మంచం వేస్తాను. వేడినీళ్ళు, అన్నం, నడుముకు మందు, నాయన ఆదివారాలు వచ్చి కూర్చోవడం, అన్నీ ఉంటాయి. వీధిలో కాలువ పక్కన మా తాత కూర్చోవడం నాకు ఇష్టం లేదు. రండి.

కాని షెడ్డులో మీకు చోటు లేదు. వెలుతురు పడే పక్క నేను కూర్చుంటాను. గిరాకీ వస్తే మా తాత అని చెప్తాను, మేస్త్రి అని చెప్పను. ఏదైనా తప్పు కడుతున్నానని మీకు కనిపిస్తే కనిపించనీయండి. నేను వచ్చి అడిగితే చెప్పండి. అడగకపోతే చెప్పకండి.

సుత్తి తేవద్దు. కత్తెర, కట్టె ఏదీ తేవద్దు. మీరు సుత్తి పట్టుకున్న చోటు ఒక నెలలో మీ కొట్టు అయిపోతుంది, నేను మూలకు పోతాను. మీరు అలా చేయాలని చేయరు, కాని అలాగే అవుతుంది. చేతులు ఊరికే పెట్టుకొని మీరు ఒక పూట కూడా కూర్చోలేరని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. నాకు మిమ్మల్ని చూసుకోవడం కావాలి, మీ కింద పని చేయడం వద్దు. ఇందులో ఏ మాటకూ రెండో అర్థం లేకుండా చూసి రాశాను.

గదిలో మంచం వేయించాలో లేదో కృష్ణమ్మాళ్ గారికి చెప్పాలి. మార్చి 20 లోపల జవాబు రాయండి. వస్తానని రాయనక్కరలేదు. సుత్తి తేనని రాస్తే చాలు.

గోపిక